హనుమంతుడు చెట్టు దిగిన తీరు
మనోగాయము పొందినవారికి వీధివారు చేయదగిన సేవ

ఈ పత్రికలో ఇంతవరకు నేను వ్రాసినవి పర్వదినముల నిర్ణయము, స్తోత్రముల అర్థము, పురాణకథల తాత్పర్యము వంటి విషయములు. ఈ మాసము వ్రాయుచున్నది కొంత వేరైనది. భయంకరమైన ఘటనను చూచినవారికి, అనుభవించినవారికి మనస్సులో కలుగు గాయమును గూర్చియు, ఆ గాయమునకు ఒక వీధివారు, ఒక ఆలయమువారు కలిసి చేయదగిన సేవను గూర్చియు చెప్పదలచినాను. డెబ్బది దాటిన వయస్సులో ఈ విషయము నేర్చుకొనుటకు నేను చేసిన ఒక పొరపాటు కారణము. దానిని చెప్పియే మొదలుపెట్టుట న్యాయము.

2025 జనవరి 8వ తేదీ రాత్రి మన తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల కొరకు వేచియున్న జనములో తొక్కిసలాట జరిగి ఆరుగురు భక్తులు ప్రాణములు కోల్పోయిన సంగతి అందరకు తెలిసినదే. పలువురు గాయపడి రుయా, స్విమ్స్ ఆసుపత్రులలో చేరినారు. ఎల్లుండి ఏకాదశి యనగా జరిగిన ఘోరమది. దాని కారణములను విచారించుట ఈ వ్యాసము పని కాదు. ఆ రాత్రి ఆ జనములో నుండి ప్రాణములతో ఇంటికి వచ్చినవారిని గూర్చియే నేను మాటలాడుచున్నాను.

వారిలో ఒక తల్లి మా వీధి చివర నివసించును. చేతికి దెబ్బ తగిలి కట్టు కట్టించుకొని వచ్చినది. నాలుగైదు దినముల తరువాత నేను పరామర్శకు వెళ్లినాను. పండితుడు వచ్చినాడని పీట వేసినారు. నేను కూర్చుండి, నలుబదియేండ్లు పాఠము చెప్పిన గొంతుతో, "అమ్మా, స్వామి దయవలన బయటపడినావు. పోయినవారిది కర్మఫలము. జరిగినది మరచిపోయి గోవిందనామము చేసుకో" అని చెప్పినాను. ఆమె కొంతసేపు నేలవైపు చూచి ఇట్లనినది: "మీరు చెప్పేది నిజమే కావచ్చు సామీ. కానీ నా పక్కన నిలబడుకోనుండిన ఆమె చెయ్యి నా చేతిలో నుంచే జారిపొయ్యింది. మరి ఆమె మీద సామికి దయ లేకపాయనా?"

నాకు మాట రాలేదు. శాస్త్రములో సమాధానములు లేక కాదు. ఆ క్షణమున ఆమె అడిగినది సమాధానము కాదని మాత్రము తెలిసినది. లేచి వచ్చితిని. ఆ తరువాత ఆమె నన్ను చూచినప్పుడెల్ల లోపలికి వెళ్లిపోవుచుండెను. మరునాడు మా గృహిణి ఒక చేటతో చింతపండు తీసుకొని ఆ ఇంటికి వెళ్లినది. ఇద్దరును కూర్చుండి గింజలు తీసినారట. రెండు గంటలలో పది మాటలు కూడ జరుగలేదట. వచ్చునప్పుడు ఆ తల్లి, "రేపు కూడా రా అక్కా" అనినదట. పండితుడు పీట మీద కూర్చుండి చేయలేని పని, చేట ముందు కూర్చున్న ఇల్లాలు చేసినది. ఇదేమని ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేయు మా మేనకోడలిని అడిగినాను. ఆమె చెప్పిన మాటలతో నా చదువు మొదలైనది.

మనోగాయమనగా ఏమి?

కత్తివేటు శరీరమును గాయపరచినట్లే, ప్రాణభయము, కండ్లయెదుటి మరణము, అత్యాచారము, ఇంటిలోని హింస, వరద, వాహనప్రమాదము వంటివి మనస్సును గాయపరచును. ఆపద వచ్చినప్పుడు శరీరము తనను కాపాడుకొనుటకు ఒక గంట మ్రోగించును. గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి వేగమగును, కాళ్లు పరుగెత్తుటకు సిద్ధమగును. కొందరికి కదలిక నిలిచిపోయి కొయ్యబారిపోవుదురు. ఆపద తొలగిన తరువాత ఆ గంట ఆగవలెను. మనోగాయము పొందినవారిలో అది ఆగక, చిన్న కారణమునకే మరల మరల మ్రోగుచుండును.

అందువలన నిద్ర చెదరును. పీడకలలు వచ్చును. జరిగినది మరల ఇప్పుడే జరుగుచున్నట్లు కండ్లయెదుట కనబడును. తలుపు చప్పుడుకు ఉలికిపడుదురు. చిన్న మాటకు కోపము వచ్చును, లేదా ఏ మాటయు తాకనట్లు మొద్దుబారిపోవుదురు. ఆ తల్లి విషయములో జరిగినది ఇదియే. సంతలో నలుగురు దగ్గరగా నిలబడినను ఆమెకు ఊపిరాడక పోవుచుండెను. ఉత్సవమునాడు వీధిలో గోవిందా యను ఘోష వినబడగానే తలుపు వేసికొనుచుండెను. మేము కొందరము దానిని భక్తి సడలుటగా భావించినాము. అది భక్తిలోపము కాదు, మనోదౌర్బల్యమును కాదు. కాలిన చేయి నిప్పును చూచి వెనుకకు తీసికొనుట వంటిది.

ధైర్యము కలిగించు మాట కూడ ఒకటి ఉన్నది. ఇట్టి ఘటనలు అనుభవించినవారిలో ఎక్కువమంది, తోడు దొరికినచో, కొన్ని వారములలో క్రమముగా కోలుకొందురు. కొందరికి మాత్రము నెల దాటినను తగ్గదు. వారికి వైద్యుని సహాయము కావలెను. కావున మొదటి వారములలో వీధివారు చేయు పని రెండు విధములు: కోలుకొనువారికి తోడుండుట, కోలుకొనలేని వారిని గుర్తించి వైద్యునికి చేర్చుట.

అశోకవనములోని పాఠము

అమెరికా దేశమున మాక్సీన్ హారిస్, రోజర్ ఫాలట్ అను ఇద్దరు 2001లో, మనోగాయము నెరిగి చేయు సేవకు ఐదు మూలసూత్రములు చెప్పినారు. అవి భద్రత, విశ్వాసము, ఎంపిక, కలిసి నడచుట, బలము నిలబెట్టుట. మా మేనకోడలు ఈ ఐదింటిని వివరించుచుండగా, ఏండ్ల తరబడి నేను పారాయణము చేసిన సుందరకాండ నా కండ్లయెదుట నిలిచినది. దానిని నేను కార్యసిద్ధికై చదివినాను, ఇతరులచేత చదివించినాను. ఒక గాయపడిన మనస్సు దగ్గరకు ఎట్లు వెళ్లవలెనో నేర్పు గ్రంథముగా మాత్రము ఏనాడును చదువలేదు.

వాల్మీకి చూపిన దృశ్యమును గుర్తు చేసుకొనుడు. సీతాదేవిని రావణుడు బెదిరించి వెళ్లినాడు. రాక్షసస్త్రీలు చుట్టుముట్టి భయపెట్టినారు. ఆమె ప్రాణత్యాగమునకు కూడ సిద్ధపడినది. చెట్టుపై నుండి హనుమంతుడు ఇదంతయు చూచినాడు. సముద్రము దాటి వచ్చినవాడు, శుభవార్త తెచ్చినవాడు. వెంటనే దుమికి ఎదుట నిలువవచ్చును. నిలువలేదు. మొదట ఆలోచించినాడు. ఈ రూపముతో హఠాత్తుగా కనబడినచో ఆమె బెదరిపోవునా? పండితుల సంస్కృతములో మాటలాడినచో రావణుడే వచ్చినాడనుకొని భయపడునా? అందుకని సామాన్యమానవులు పలుకు మాటలను ఎంచుకొనినాడు. కనబడకముందే, ఆమెకు ప్రియమైన రామకథను మెల్లగా వినిపించినాడు. ఇది భద్రత. పీట మీద కూర్చుండి నేను పలికిన సంస్కృతభూయిష్ఠమైన మాటలు గుర్తుకు వచ్చి సిగ్గుపడితిని.

తరువాత చెట్టు దిగి, దూరముగా నిలిచి, నమస్కరించి, అమ్మా నీవెవరవని వినయముతో అడిగినాడు. ఆమె చెప్పదలచినంత చెప్పినది. అతడు కొంచెము దగ్గరకు రాగానే ఆమెకు అనుమానము పుట్టినది. మాయారూపముతో వచ్చిన రావణుడవు నీవని అనినది. ఇంత కష్టపడి వచ్చితిని, నన్నే అనుమానింతువా యని హనుమంతుడు కోపగింపలేదు. మోసపోయిన మనస్సు అనుమానించుట సహజమని ఎరిగి, ఆమె అడిగిన ప్రశ్నలకెల్ల ఓపికతో సమాధానము చెప్పినాడు. రాముని గుణములను, లక్షణములను వర్ణించినాడు. ఆ తరువాతనే ఉంగరమిచ్చినాడు. ఇది విశ్వాసము. విశ్వాసము అడిగి పుచ్చుకొనునది కాదు, ఓపికతో సంపాదించుకొనునది.

తన వీపుపై కూర్చుండబెట్టుకొని రాముని సన్నిధికి చేర్చెదనని అతడనినాడు. ఆమె తన కారణములు చెప్పి వలదనినది. హనుమంతుడు ఆమె మాటను గౌరవించినాడు. బలవంతముగా మేలు చేయ ప్రయత్నింపలేదు. ఇది ఎంపిక. రామునికి చూపుటకు ఆనవాలు ఇమ్మని అడిగినాడు. అప్పుడామె తనంత తాను కాకాసురుని వృత్తాంతము చెప్పి, చూడామణి ఇచ్చినది. అనగా, రక్షింపబడవలసిన ఆమె ఆ రక్షణకార్యములో పాలుపంచుకొనినది. ఇది కలిసి నడచుట. అతడు సెలవు తీసికొనునప్పటికి ఆమె పరిస్థితి మారలేదు. అశోకవనము అదే, కావలివారు అదే. ఆమె ధైర్యము మాత్రము మారినది. ఇది బలము నిలబెట్టుట.

త్రిజటను కూడ మరువరాదు. ఆమె శత్రువుల ఇంటిలోని స్త్రీ. సీతను విడిపించు శక్తి ఆమెకు లేదు. అయినను తన స్వప్నము చెప్పి, తోటి రాక్షసస్త్రీల బెదిరింపులను ఆపినది. హనుమంతుడు ఒక దినము వచ్చి వెళ్లును, ప్రక్కనుండువారు త్రిజటలే. నేను చెప్పబోవు ఏర్పాటంతయు వీధికి కొందరు త్రిజటలను సిద్ధపరచుటయే.

మన దేశమున జరిగిన పని

ఇది విదేశములనుండి తెచ్చుకొనవలసిన విద్య యని ఎవరును భావింపవలదు. చిత్తూరునకు చేరువనున్న వేలూరులోని సి.ఎం.సి. ఆసుపత్రివారు 1957లో మానసిక వైద్యకేంద్రము నెలకొల్పి, రోగితోపాటు కుటుంబములోని వారును అక్కడనే ఉండి సేవచేయు పద్ధతిని పాటించినారు. రోగిని గోడల మధ్య ఒంటరిగా ఉంచుట లోకమున వాడుకగా నున్న కాలమది. మన జిల్లానుండి వేలూరు వెళ్లి వచ్చినవారు ప్రతి ఊరిలో ఉన్నారు; ఈ సంగతి ఎరిగినవారు తక్కువ.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో 10,000కు పైగా జనము మరణించినారు. నేను అప్పుడు యువకుడను. అన్నము, వస్త్రము, గుడిసె, ఇవి పంపుటయే సహాయమని అందరమును భావించినాము. బ్రతికినవారి మనస్సు ఏమైనదని అడుగవలెనన్న ఊహయే మాకు కలుగలేదు. తరువాతి కాలమున ఒడిశా తుపాను, గుజరాత్ భూకంపము, 2004 సునామీ వంటి విపత్తులలో బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యులు ఒక మార్గము చూపినారు. ప్రతి బాధితుని వద్దకు వైద్యుడు వెళ్లుట సాధ్యము కాదు గనుక, అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు, ఊరిలోని సేవాభావము గలవారికి శిక్షణ యిచ్చి, వారిచేతనే తొలి ఆదరణ చేయించినారు. 2009లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఈ విషయమై మార్గదర్శకములు వెలువరించినది. 2011లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తొలి మానసిక చికిత్సను మూడు మాటలలో ఇమిడ్చినది: చూచుట, వినుట, కలుపుట. ఎవరికి ఏమి అవసరమో చూచుట, చెప్పదలచినంత వినుట, తగినవారితో కలుపుట. ఈ మూడింటికి పట్టము అవసరము లేదు.

మన ప్రాంతమునకు ఈ అవసరము ఎంత ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనవి. రాయలచెరువు కట్టకు గండి పడునేమో యని చుట్టుప్రక్కల ఊళ్లవారు ఇండ్లు విడచి మెట్టకు చేరినారు. అదే నెల 19న, కార్తీకపూర్ణిమ నాడు, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు పల్లెలు కొట్టుకొని పోయినవి. 2022 మార్చిలో భాకరాపేట కనుమలో శుభకార్యమునకు వచ్చుచున్న బస్సు లోయలో పడినది. పలమనేరు, కుప్పము వైపు ఏనుగుల భయముతో రాత్రులు మేలుకొను కుటుంబములు ఉన్నవి. ఇవి పత్రికలకెక్కినవి. పత్రికలకెక్కక, తలుపుల వెనుక దెబ్బలు తినుచున్న స్త్రీలు, భయముతో బడికి పోవు పిల్లలు ఏ వీధిలో లేరు?

నిమ్‌హాన్స్‌వారు 2015-16లో 12 రాష్ట్రములలో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, వ్యాధిని బట్టి 70 నుండి 92 శాతము మందికి చికిత్స అందుట లేదని తేలినది. ఆసుపత్రి ఉన్నను దానికి చేరు దారి లేదన్నమాట. ఆ దారి వేయుటయే వీధివారి పని.

వల అల్లుట ఎట్లు?

ఇందుకు భవనము, చందాలు, బోర్డు అవసరము లేదు. మా వీధిలో మేము చేసినది చెప్పెదను. మీ వీధికి తగినట్లు మార్చుకొనవచ్చును.

మొదట మనుష్యులను చూచుకొనవలెను. ఇప్పటికే ఇంటింటికి తిరుగువారెవరు? ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, ఏ.ఎన్.ఎం. పొదుపు సంఘపు లీడరు. బడిలో పిల్లలను రోజు చూచు అయ్యవారు. మందుల దుకాణము నడుపువాడు. నిద్రమాత్రలు అడుగ వచ్చినవారిని మొదట చూచునది అతడే. అర్ధరాత్రి ఆసుపత్రికి తీసికొని పోవు ఆటో డ్రైవరు. ఆలయ అర్చకుడు. మసీదులో, చర్చిలో పెద్దలు. దుఃఖమునకు మతము లేదు. వీరు ఏడెనిమిదిమంది నెలకొకసారి ఆలయమండపములో గంటసేపు కూర్చున్నచో వల సిద్ధమైనట్లే. మేము ప్రతి నెల రెండవ ఆదివారము సాయంకాలము కూర్చుందుము.

రెండవది శిక్షణ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము వారిని పిలిచి, ఎవరిని వైద్యునికి పంపవలెనో, ఎట్లు మాటలాడవలెనో చెప్పించుకొనవలెను. మేము నేర్చుకొనిన మొదటి పాఠము మౌనము. ప్రక్కన కూర్చుండుట, నీరిచ్చుట, "నేనిక్కడనే ఉన్నాను" అనుట. ఆయాసపడుచున్నవారితో కలిసి నెమ్మదిగా ఊపిరి విడచుట. "ఇది నీ ఇల్లు, ఈ దినము శుక్రవారము, ఇప్పుడు ఆపద లేదు" అని మెల్లగా గుర్తుచేయుట.

మూడవది ఒక చీటీ. ప్రతివారి ఇంటిలోను, ఆలయపు నోటీసు పలకమీదను ఈ సంఖ్యలు ఉండవలెను. 14416: ఇది 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్, రాత్రింబవళ్లు ఉచితముగా, తెలుగులో కూడ మాటలాడవచ్చును. 108 అంబులెన్సు. 112 అత్యవసర సహాయము. 181 స్త్రీలకు, 1098 పిల్లలకు. సంఖ్య ఇచ్చి ఊరకుండరాదు. అవసరమైనవారి ప్రక్కన కూర్చుండి, వారి అనుమతితో ఫోను కలిపి ఇవ్వవలెను. వైద్యుని వద్దకు మొదటిసారి వెళ్లునప్పుడు వెంట వెళ్లవలెను. మార్గము తెలియక వెనుదిరిగినవారే ఎక్కువ.

నాలుగవది కాలపట్టిక. మరణము జరిగిన ఇంటికి పదిదినములు జనము వచ్చుచుందురు. కర్మాంతము కాగానే అందరును వెళ్లిపోవుదురు. అసలైన ఒంటరితనము పండ్రెండవనాడు మొదలగును. మన పెద్దలు ఏడాదిపాటు మాసికములు పెట్టినారు. పితృకార్యముగా వాటి ప్రయోజనము వేరు. కాని నెలనెలకు ఆ ఇంటి తలుపు తట్టుటకు అంతకన్న మంచి పంచాంగము లేదు. ముస్లిముల ఇంట నలుబదవనాటి ప్రార్థన ఉండును. ఇట్టి దినములను వ్రాసిపెట్టుకొని, ఎవరో ఒకరు పలుకరించి రావలెను. వరదవచ్చిన ఊరికి మరుసటి యేడు మబ్బులు పట్టినప్పుడు, ప్రమాదము జరిగిన ఇంటికి ఆ తేదీ మరల వచ్చినప్పుడు, తప్పక వెళ్లవలెను.

ఐదవది ఆలయములో చిన్న మార్పులు. మండపములో ఒక మూల, బయటికి పోవు దారి కనబడునట్లు, ఎవరును ప్రశ్నింపని చోటు ఉండవలెను. రద్దీ లేని వేళలో దర్శనము చేసుకొనవచ్చునని చెప్పవలెను. పంక్తిలో నుండి ఎవరైన వెలుపలికి రాదలచినచో వెంటనే రాగలుగునట్లు ఏర్పాటు చేయవలెను. పర్వదినమున మైకు శబ్దము కొంచెము తగ్గించినచో దేవుడు కోపగింపడు.

చేయరానివి

చేయరానివి కొన్ని ఉన్నవి. వాటిలో కొన్నింటిని నేనే చేసితిని గనుక చెప్పుటకు అధికారము కలదు.

అడుగనిదే తత్త్వము చెప్పరాదు. గీతలో మొదటి అధ్యాయమునకు ముఖ్యవిషయము అర్జునుని విషాదమే. భగవానుడు మొదట ఒకమాట మందలించినాడు. అర్జునుడు మరల తన బాధను చెప్పుకొని, నేను శిష్యుడను, నాకు బోధింపుమని వేడుకొనిన తరువాతనే అసలు బోధ మొదలైనది. నన్ను ఆ తల్లి ఏమియు వేడుకొనలేదు. కర్మసిద్ధాంతము నా జీవితమును చక్కదిద్దుకొనుటకు ఉపయోగపడును; ఎదుటివాని పుండుపై చల్లుటకు కాదు.

"ఏమి జరిగినది, ఎట్లు జరిగినది, చెప్పు" అని గ్రుచ్చి అడుగరాదు. నలుగురిలో కథ చెప్పింపరాదు. సెల్‌ఫోనుతో చిత్రము తీయరాదు. అనుమతి లేక భుజముపై చేయి వేయరాదు. "నీవు అప్పుడు ఇట్లు చేసియుండవలసినది" అనరాదు. ఆ మాట వారు తమకు తాము రాత్రింబవళ్లు చెప్పుకొనుచునే యుందురు. "అంతా సరియగును" అని మనకు తెలియని వాగ్దానము చేయరాదు. విన్నది వీధిలో చెప్పరాదు. ఒక్క రహస్యము పొక్కినచో వల యంతయు తెగును. హింసపడు స్త్రీని, రాజీ చేయుదమని, హింసించినవాని యెదుట కూర్చుండబెట్టరాదు. ఆమెకు ఏమి కావలెనో ముందు ఆమెను ఒంటరిగా అడుగవలెను.

మన ప్రాంతములో గాలి సోకినదని తాయెత్తులకు తీసికొని పోవుట కలదు. తాయెత్తు కట్టుకొన్న తల్లిని హేళన చేయవలదు. అందువలన ఆమె మనకు దూరమగును. కట్టుకొననిమ్ము, వైద్యుని కూడ చూపించుదమని చెప్పవలెను. కొట్టుట, గొలుసుతో కట్టుట, పస్తులుంచుట వంటివి జరుగుచున్నచో మాత్రము ఊరకుండరాదు.

వైద్యునికి అప్పగింపవలసిన వేళ

నెల గడచినను నిద్ర, తిండి, పని కుదుటపడనిచో, మద్యము మొదలుపెట్టినచో లేక పెరిగినచో, పిల్లలు మాటలు మానినచో లేక పక్క తడుపుట మరల మొదలైనచో, రుయా ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రిలోని మానసిక వైద్యవిభాగమునకు తీసికొని పోవలెను. చనిపోవలెనను మాట నోట వచ్చినచో ఆ దినమే, ఆ గంటలోనే సహాయము పిలువవలెను. "చనిపోవలెనని అనిపించుచున్నదా అమ్మా?" అని నేరుగా అడుగుటవలన ఆ ఆలోచన క్రొత్తగా పుట్టదని వైద్యులు చెప్పుదురు. అడిగినవారి యెదుట భారము దిగును. ఒంటరిగా వదలక, పురుగుమందు వంటివి ఆ ఇంటినుండి తీసివేయవలెను. పోలీసు కేసు అగునని భయపడి దాచువారున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము ఆత్మహత్యాప్రయత్నము చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో నున్నట్లు భావించవలెను, శిక్షింపరాదు, వారికి వైద్యము, సంరక్షణ కల్పించుట ప్రభుత్వ బాధ్యత.

సేవ చేయువారి సంగతి కూడ చెప్పవలెను. ఇతరుల దుఃఖమును వినుచుండగా అది మనలోనికి ఇంకును. మా బృందములోని ఆశా కార్యకర్త ఒకనాడు సమావేశములో ఏమియు చెప్పక కన్నీరు పెట్టుకొనినది. ఆ నెల ఆమె వంతు ఇండ్లకు మేము వెళ్లినాము. అందువలననే ఒకరు కాక ఏడెనిమిదిమంది కావలెననుట. ఒంటి దారము తెగును. వల బరువును పంచుకొనును.

మరల ఆ ఇంటికి

రెండు నెలల తరువాత నేను ఆ తల్లి ఇంటికి వెళ్లినాను. ఈసారి పీట వలదని అరుగుపైన కూర్చున్నాను. "అమ్మా, ఆనాడు నేను మాటలాడినది తప్పు. నీ మాట వినకుండ నా మాట చెప్పితిని. మన్నింపుము" అని చెప్పినాను. ఆమె కంగారుపడి, "అంత మాట అనొద్దు సామీ" అనినది. తరువాత చాలసేపు ఏమియు మాటలాడలేదు. నేనును మాటలాడలేదు. వెళ్లునప్పుడు, "ఆమె పేరు కూడా నాకు తెల్దు సామీ" అనినది. ఎవరి పేరని నేను అడుగలేదు; తెలిసినది.

వైద్యము చేయించుకొనుటకు మా మేనకోడలు వెంట వెళ్లినది. గుడికి రావలెనని మేమెవ్వరమును చెప్పలేదు. ఆమెయే ఒకనాడు మా గృహిణిని అడిగినది, జనములేని వేళ ఏదియని. ఒక మంగళవారము మధ్యాహ్నానంతరము ఇద్దరును కోదండరామస్వామి ఆలయమునకు వెళ్లినారు. ఆమె స్వామి సన్నిధికి లోపలికి వెళ్లలేదట. ఎదుటనున్న ఆంజనేయస్వామి గుడి వద్ద కొంతసేపు నిలబడి, ఆ పేరు తెలియని ఆమె కొరకు ఒక దీపము పెట్టి, ఇంటికి వచ్చినదట. లోపలికి ఎందుకు వెళ్లలేదని మా గృహిణి అడుగలేదు. ఎప్పుడు వెళ్లవలెనో ఆమెయే నిర్ణయించుకొనును.

ఈ పత్రిక చదువువారిలో ప్రతి వీధినుండి ఇద్దరు ముగ్గురు ముందుకు వచ్చినచో చాలును. మొదటి సమావేశమునకు ఎజెండా వెదకవలదు. "మన వీధిలో ఈ ఏడు పెద్ద దెబ్బ తిన్న ఇల్లు ఏది? అక్కడికి చివరిసారి ఎవరు వెళ్లినారు?" అను ఈ రెండు ప్రశ్నలు అడుగుడు. సమాధానము తెలియగానే మీ పని మొదలగును.